సీతాబాయి ఆగమన్న ఉదయం

సీతాబాయికి నెంబర్లతో పని ఉండేది కాదు. మా ఆడవాళ్ల వార్డులో పదహారు మంచాలు. నర్సులమంతా మూడో నెంబరు, తొమ్మిదో నెంబరు అనుకుంటూ తిరిగేవాళ్లం. ఆమె మాత్రం నానక్‌రాంగూడ లచ్చవ్వ, మియాపూర్ బాలింత అనేది. కొత్త మనిషి వచ్చి పడుకోగానే చీపురు పక్కన పెట్టి, మంచం పక్కన గొంతుక్కూర్చుని, ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఎందరు పిల్లలు అని మొదలుపెట్టేది. గచ్చు తడి ఆరేలోపు ఆ మనిషి మేనమామ ఎక్కడ పని చేస్తాడో కూడా ఆమెకు తెలిసిపోయేది.

"ఏం సిస్టరమ్మా, మీ దిక్కు పిల్లలు పుడితే గూడ నెంబర్లే పెడ్తరా?" అని నన్ను ఎగతాళి చేసేది. పేషెంట్లు నవ్వేవాళ్లు. నేను నవ్వేదాన్ని కాదు.

నేను కాకినాడ పక్కనుంచి వచ్చిన నాగేశ్వరిని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. 1973 ఏప్రిల్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేరాను. కొండాపూర్ దాటాక రాళ్ల గుట్టల మధ్య పెంకుల కప్పుతో ఉండేది. ఏడాది ప్రొబేషన్, మచ్చ లేకుండా గడిస్తే ఉద్యోగం ఖాయం. ఇంటి దగ్గర నాన్నకు పక్షవాతం. ఈ మాట సాకుగా రాయడం లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

సీతాబాయి ఖాజాగూడ మనిషి. భర్త రాళ్లు కొట్టే పనిలో పోయాడు. ఒక్క కూతురు. నలభై దాటిన వయసులో రోజూ తెల్లారకముందే గుట్టల మధ్య బాట పట్టి ఆయా పనికి నడిచొచ్చేది. అక్షరం రాదు. అయినా ఎవరికి గోలీలు, ఎవరికి సూది, ఎవరు మందు దిండు కింద దాస్తారు అన్నీ ఆమెకు తెలుసు. నేను మందుల ట్రే తీసుకుని బయల్దేరితే వెనకే వచ్చి, ఒక్కొక్కరి కాలు తట్టి పేరు పెట్టి లేపేది. అది నాకు చిరాకు. ఆయా నా పనిలో వేలు పెడుతోందనిపించేది.

మా పని తీరు చెప్పాలి. పొద్దున్నే గాజు సిరంజీలు మరగబెట్టి, మందు ఎక్కించి, ఒక్కొక్క సిరంజీ కింద మంచం నెంబరు రాసిన చీటీ పెట్టేవాళ్లం. రౌండుకు పోకముందే పుస్తకంలో అందరి పేర్ల ఎదురుగా 'ఇవ్వడమైనది' అని సంతకాలు పెట్టేసేవాళ్లం. డాక్టరుగారు వచ్చేసరికి పుస్తకం నిండుగా కనిపించాలి. పాతవాళ్లు అలా చేసేవాళ్లు, నేనూ నేర్చుకున్నాను. మంచం దగ్గరికెళ్లి పేరు అడగడమంటే పని రానట్టు లెక్క. కాళ్ల వైపు ఊచకు చార్టు వేలాడుతుండేది. దాన్ని చూస్తే చాలనుకునేవాళ్లం.

డిసెంబరు చివర. పదకొండో నెంబరు కిటికీ పక్క మంచం. ఆ కిటికీకి అద్దం పగిలి ఉంది. అందులో పుణ్యవతమ్మగారని షుగరు జబ్బు పెద్దావిడ ఉండేది. మా వైపు ఆవిడే. ఒక సాయంత్రం డ్యూటీ ఆఖర్లో, చలికి తట్టుకోలేను, మంచం మార్చుకుందామని ఏడో నెంబరులో ఉన్న సత్తెమ్మను అడిగిందట. సత్తెమ్మ పాతికేళ్ల మనిషి, కంకర కొట్టే కూలి. టైఫాయిడ్ తగ్గి గోలీల మీద ఉంది. "నాకేం చలి, పెద్దమనిషివి నువ్వు పండుకో" అని ఇచ్చేసింది. సీతాబాయి ఇద్దరి దుప్పట్లూ మార్చి పరిచింది. చార్టులు మాత్రం ఊచలకే ఉండిపోయాయి.

తెల్లవారి పదకొండో నెంబరు దగ్గరికి ఇన్సులిన్ సిరంజీతో వెళ్లాను. ముసుగు తీసి సత్తెమ్మ అంది:

"నాకు సూది లేదంటిరి గదమ్మా? గోలీలే గద."

"చెయ్యి ఇటివ్వు. నీకు తెలుసా, నాకు తెలుసా?"

సీతాబాయి బకెట్టు దింపి దగ్గరికొచ్చింది. "సిస్టరమ్మా, జర ఆగు. ఈమె సత్తెమ్మ. ముసలమ్మ ఆడ పండుకుంది, చూడరాదు ఒక్కసారి."

నేను చూడలేదు. చార్టు ఎత్తి సీతాబాయి మొహం ముందు పెట్టాను. "ఇందులో ఏం రాసుందో చదివి చెప్పు. చదవలేవు కదా? అయితే బకెట్టు తీసుకుని నడు."

వార్డంతా విన్నది. సీతాబాయి కదల్లేదు. సత్తెమ్మ ఆమె మొహం, నా మొహం మార్చి మార్చి చూసి, చేతిని ముందుకు చాపింది. సూది వేశాను.

ముప్పావుగంట తర్వాత సీతాబాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఆ పిల్ల చెమటలు కక్కుతుంది. ఏందేందో మాట్లాడుతుంది. జల్ది రా!" వెళ్లేసరికి సత్తెమ్మ జాకెట్టు తడిసి ముద్దయింది. కళ్లు తేలేసింది. అప్పుడు ఏడో నెంబరు వైపు చూశాను. పుణ్యవతమ్మగారు లేచి కూర్చుని, "నా ఇంజెక్షను ఇంకా ఇవ్వలేదేంటమ్మా" అంటోంది. డాక్టరుగారి కోసం పరుగెత్తాను. డాక్టరుగారు వచ్చి నరానికి గ్లూకోజు ఎక్కించారు. పది నిమిషాల్లో సత్తెమ్మ కళ్లు తెరిచి, ఆకలేస్తోందని చెప్పింది. బతికింది.

మధ్యాహ్నం మేట్రన్ భ్రమరాంబగారు మమ్మల్నిద్దర్నీ గదికి పిలిచారు.

"మంచాలు మార్చింది ఎవరు?"

"ఆయా అండి," అన్నాను. "నాకెవరూ చెప్పలేదండి."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

సీతాబాయి నావైపు తిరిగింది. "చెప్పలేదా అమ్మా? ఆగుమని నేను చెప్పలేదా?"

"ఏమ్మా నాగేశ్వరీ, చెప్పిందా?" అని అడిగారు మేట్రనుగారు.

"లేదండి."

సత్తెమ్మను ఎవరూ అడగలేదు. ఆమెకు అడిగించుకునే హోదా ఉందని ఎవరికీ తోచలేదు. మూడో రోజు భర్త ఎల్లేశం వచ్చి, అందరికీ దండం పెట్టి, బండిలో తీసుకుపోయాడు. నాకు కూడా దండం పెట్టాడు. సీతాబాయిని ఆ వారమే పనిలోంచి తీసేశారు.

జనవరిలో ఒక ఆదివారం నేను ఖాజాగూడ వెళ్లాను. చెరువు అవతల గుట్ట దగ్గర సీతాబాయి కంకర కొడుతోంది. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుంది. కూర్చోమనలేదు. తప్పు నాదే అని నిలబడే చెప్పాను, ఏడ్చాను కూడా.

"పెద్ద సిస్టరుకు చెప్పినవా?"

"ఇంకా లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎరికే గద," అంది. సుత్తి ఎత్తి, "జర దూరం జరుగు, రాయి తగుల్తది," అంది.

మార్చి ముప్పైన నా ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. ఏప్రిల్ రెండున మేట్రనుగారికి జరిగింది రాసిచ్చాను. ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివారు. "మీ ఆర్డరు వచ్చి మూడు రోజులైంది కదూ?" అని మాత్రం అడిగారు. అవునన్నాను. "మీరే వెళ్లి పిలుచుకురండి" అన్నారు.

సీతాబాయి వెంటనే ఒప్పుకోలేదు. "నన్ను అందరి ముంగట తిట్టినవ్. అందరి ముంగటనే చెప్పు. వార్డుల చెప్పు. చెప్తనంటే వస్త."

చెప్తానన్నాను.

సోమవారం రౌండు ముందు నర్సులు, ఆయాలు, పేషెంట్లు అందరూ ఉండగా వార్డు మధ్యలో నిలబడ్డాను. సీతాబాయి తలుపు దగ్గర, ఉతికిన చీరలో ఉంది. పేరు అడక్కుండా మంచం నెంబరు చూసి మందు ఇచ్చానని, తప్పు నాదని, సీతాబాయిది కాదని చెప్పాను. ఒకరిద్దరు పేషెంట్లు జాలిగా చూశారు. ఇంకా ఒక మాట మిగిలింది: ఆమె ఆగమందని, అందరూ వింటుండగా ఆమెకు చదువు రాదని ఎత్తిపొడిచి ఆ సూది వేశానని. చేతగాక చేసిన తప్పయితే మన్నించగలరు. వద్దంటుంటే చేశానంటే మన్నిస్తారా? నోరు మూసుకున్నాను.

సీతాబాయి ఇంకా ఎదురుచూస్తోంది.

"అయిపాయెనా సిస్టరమ్మా?" అని అడిగింది.

"అయిపోయింది," అన్నాను.

ఆమె మూల నుంచి చీపురు తీసుకుంది. ఐదేళ్లు అక్కడే పనిచేసి, కూతురి దగ్గరికి శంకరపల్లి వెళ్లిపోయింది. ఆ ఐదేళ్లలో నేను ట్రేతో బయల్దేరితే ఆమె వార్డు అవతలి చివరకు వెళ్లిపోయేది.

తర్వాత ముప్పై ఏళ్లు ఆసుపత్రుల్లోనే గడిపాను. పేషెంటు నోటితోనే పేరు చెప్పించుకోవాలని, ఇచ్చాకే సంతకం పెట్టాలని, వద్దన్న మనిషి దగ్గర ఆగాలని ఎందరో ఆడపిల్లలకు నేర్పాను. ఎందుకు మేడం అని అడిగినవాళ్లకు, అది రూలు అనేదాన్ని.

సత్తెమ్మ తనకు సూది లేదంది. సీతాబాయి ఆగమంది. రెండూ విని కూడా వేశాను. ఆ సోమవారం వార్డులో ఈ మూడు మాటలూ చెప్పడానికి నిమిషం కూడా పట్టేది కాదు.