మా బావ పడక సైకిలు

ఆ రోజుల్లో ఎవరి కష్టం విన్నా ముందు దాని కొలతలు అడగాలనిపించేది నాకు. జగదల్‌పూర్‌లో డిప్లొమా పూర్తిచేసి అడవి అంచున ఉన్న మా ఊరు కోంటాకు తిరిగొచ్చి, కిటికీ గ్రిల్లులు చేసే షెడ్డులో పనికి కుదిరిన కొత్త. చేతిలో వెల్డింగు రాడ్డు, కళ్లకు నల్లద్దాలు, అవసరానికి మించిన నమ్మకం. లోకంలో విరిగినవన్నీ అతుక్కుంటాయనీ, అతుక్కోనివాటిని మడతపెట్టి పక్కన పెట్టుకోవచ్చనీ అనుకునేవాణ్ని. (ఇప్పుడు నా నడుమే సరిగ్గా మడతపడటం లేదు, అది వేరే సంగతి.) సరిగ్గా అలాంటి సమయంలో మా బావ జీపు మీంచి పడ్డాడు.

బావ అంటే మా అక్క భర్త. వాళ్లిద్దరూ మా ఇంటి వెనక వాటాలోనే ఉండేవారు. బావ వారం వారం గొల్లపల్లి వైపు సంతకు వెళ్లి దువ్వెనలు, రిబ్బన్లు, అద్దాలు, సబ్బులు, ఉప్పు అమ్మేవాడు. సంతలో ఇప్పచెట్టు కింద చోటు ఆయనది. దానికి కాగితమూ లేదు, రసీదూ లేదు. మనిషి వస్తున్నంత కాలం చోటు అతనిదే. రావడం మానేస్తే కొన్నాళ్లు చూసి ఇంకొకడు గోనె పరుచుకుంటాడు, ఆ తర్వాత వెళ్లి గొడవపడటం మర్యాద కాదు. జీపు టాపు మీద ఉప్పు బస్తాల పైన కూర్చుని పోతూ ఒక గుంత దగ్గర ఎగిరి పడ్డాక, భద్రాచలం దవాఖానలో ఆయన్ని చాలాకాలం పడుకోబెట్టి, చివరికి లేపి, నిటారుగా కూర్చోవద్దు, వంగొద్దు, బరువెత్తొద్దు అని చెప్పి పంపారు. వెనక్కి వాలి మాత్రం ఎంతసేపైనా ఉండొచ్చట. జీపు కుదుపు పనికిరాదు, మామూలు సైకిలు సీటు అసలే పనికిరాదు. “మన దుకాణంల కూసోబెడ్తం తియ్యి” అని మా నాన్న అన్నప్పుడల్లా బావ గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కోంటాలో ఆయన మా ఇంటి అల్లుడు. ఆ ఇప్పచెట్టు కింద మాత్రం ఆయన దువ్వెనల షావుకారు. ఆ చోటు పోతే మనిషే పోతాడని మా అక్కకు భయంగా ఉండేది, నాకూ ఉండేది.

ఎక్కడో తెల్లవాళ్లు పడక కుర్చీలో వాలినట్టు వాలి, కాళ్లు ముందుకు చాచి తొక్కే సైకిలు ఫోన్లో చూశాను. ఇంక నాకు నిద్ర లేదు. అయితే మా దారి వేరు. ఆ కాలంలో సంత దారి అక్కడక్కడా అడ్డంగా తవ్వి ఉండేది. ఎవరు తవ్వారని అడిగేవాళ్లు లేరు, పూడ్చేవాళ్లూ లేరు. జీపులు అడవిలోంచి దూరం చుట్టి పోయేవి. వాగు మీద కల్వర్టు కూడా మా బావలాగే నడుం విరిగి పడి ఉండేది. కాబట్టి నా సైకిలు మడతపడాలి, ఒంటి చేత్తో ఎత్తుకుని గండి దిగి ఎక్కేంత తేలిగ్గా ఉండాలి. స్టీలు కుర్చీల పైపులు, పిల్లల సైకిలు చక్రాలు, రెండు చైన్లు కలిపి చేసిన పొడుగాటి చైను, నడిమధ్యలో ఒక గేటు మడతబందు. వాలే చోట మా నాయనమ్మ మంచం నవారు విప్పి అల్లాను. (నాయనమ్మ అప్పటికే లేదు కాబట్టి అడగలేదు.) మొదట చేసింది మడతపెట్టకుండానే మడతపడింది, అదీ నేను అందులో ఉండగా. రెండోదానికి గట్టి చీల పెట్టాను.

బావ దాని చుట్టూ మెల్లగా తిరిగాడు. “ఏంది బామ్మర్ది, ఇది సైకిలా, మంచమా?”

“రెండూ బావా.”

“మంచం ఇంట్ల ఉండనే ఉండె కదా. అడవికి గూడ ఎందుకు?” అన్నాడు గానీ చెయ్యి నవారును తడుముతూనే ఉంది. “ఇప్పచెట్టు కింద ఇంకా ఎవడూ కూసుంటలేడంట” అన్నాడు.

అడ్డం పడింది మా అమ్మ. బావ అందులో వాలి, కాళ్లు చాచి, గేటు దాటబోతుంటే చేతిలో చెంబు కింద పెట్టేసి ఎదురొచ్చింది. “కాళ్లు ముంగట పెట్టుకొని గేటు దాటుడేంది? మనిషి గట్ల పొయ్యేది ఒక్కసారే.” ఇరుసు గురించీ బరువు గురించీ నేను చాలా చెప్పాను. అమ్మ వినలేదు. చదువులో దీనికి జవాబు లేదు గానీ మా అక్క దగ్గర ఉంది. బావ అందులో వాలి ఉండగానే తల వైపు నుంచి పట్టుకుని వెనక్కి లాగుతూ గేటు దాటించింది. రోడ్డెక్కాక సైకిలును గుండ్రంగా తిప్పి, “ఇగ తొక్కు” అంది. ఆ తిప్పడానికి ఎంత చోటు కావాలో నేను అడుగులు వేసి కొలిచాను. సంత రోజు వచ్చేదాకా బావ తొక్కడం అలవాటు చేసుకుంటుంటే, పక్కింటి వాళ్లు రోజూ పొద్దున్నే ఈ ఊరేగింపు చూడటానికి అరుగు మీదికి వచ్చేవారు. తల ముందుగా ఇల్లు వదిలే మగాడు కోంటా మొత్తంలో మా బావ ఒక్కడే.

సంత రోజు తోడు వస్తానంటే వద్దన్నాడు. “నన్ను రోగం మనిషిని చెయ్యకు.” ఉప్పు మూట, దువ్వెనల సంచీ కట్టించుకుని వెళ్లాడు. తర్వాత జరిగింది ఆయన చెప్పగా విన్నదే. మొదటి గండి దగ్గర దిగాడు. నేర్పినట్టే చీల తీశాడు. సైకిలు ముచ్చటగా మడతపడింది. ఇక ఎత్తాలి. అప్పుడు గుర్తొచ్చిందట, బరువెత్తొద్దన్నారని. ఒంటి చేత్తో ఎత్తుకునే బండిని, బరువెత్తకూడని మనిషి కోసం చేశాను నేను. ఈ ముక్క షెడ్డులో ఎవరికీ తట్టలేదు, అందరికంటే ముందు నాకు. బావ దాన్ని మళ్లీ విప్పి, ఎవరైనా రాకపోతారా అని అందులోనే వాలాడు.

వచ్చారు. అడవి లోపలి ఊరి దొర్ల గిరిజనులు, ఒక పెద్దాయన, వెంట కుర్రవాళ్లు. గండి ఒడ్డున నవారు మీద పడుకున్న మనిషి, పక్కన మూట. వాళ్ల ఊళ్లో జబ్బు చేసిన ప్రతివాడూ దవాఖానకు అలాగే మంచం మీద, నలుగురి భుజాల మీదే వస్తాడు. కాబట్టి ఒక్క మాట కూడా అడగకుండా కర్ర నరికి, సైకిలును దానికి కట్టి, బావతో సహా లేపారు. కోంటా వైపు తిరిగారు.

“నేను సంతకు పోతున్న, దించుండ్రి.”

“పోదువు. ముందుగాల సూదేయించుకో” అన్నాడు పెద్దాయన.

“నాకేం రోగం లేదు.”

“మా తమ్ముడు గూడ దారంత గిట్లనే అన్నడు.”

ఆ తమ్ముడు ఏమయ్యాడని బావ అడగలేదు. ఆ తర్వాత దించమని కూడా అనలేదు.

కబురు విని నేను పరుగెత్తేసరికి దవాఖాన వరండాలో నా సైకిలు, అందులో మా బావ, ఒళ్లో ఉప్పు మూట. మోసుకొచ్చినవాళ్లు మెట్ల మీద బీడీలు కాలుస్తున్నారు. తెచ్చిన రోగిని చూడకుండా పంపరు కదా, డాక్టరు చూశాడు. చూసి, ఇక ఆ దారి మానుకోమన్నాడు, కొన్నాళ్లు కాదు, ఎప్పటికీ. బావ నా వైపు తిరిగాడు. “సంతకు తోలుతవనుకుంటే దవాఖానకు తోలినవు కదా బామ్మర్ది” అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. నేను వంగి చైను బిగువు చూశాను.

పెద్దాయన దగ్గరికొచ్చి మడతబందును అటూ ఇటూ ఆడించాడు. “ఈ మంచం మాకియ్యరాదు? రోగిని తెచ్చేటప్పుడు ఎట్లనో తెస్తం. ఉత్త మంచం మోసుకొని వాపసు పోవుడే శాన బరువు.”

బావ కళ్లు తుడుచుకున్నాడు. “తీస్కపోండ్రి. దువ్వెనలు గూడ తీస్కపోండ్రి.”

పెడళ్లు కాళ్లకు తగులుతాయన్నారు, కోసేశాను. చైను బట్టలకు నూనె అంటిస్తుందన్నారు, తీసేశాను. చక్రాలూ హ్యాండిలూ బరువన్నారు. అవన్నీ పోయాక నా సైకిలులో మిగిలింది నాలుగు పైపులు, నాయనమ్మ నవారు, మడతబందు. అవి మాత్రం బాగున్నాయన్నారు.

ఇప్పుడు ఆ దారిలో తారు రోడ్డు పడింది, బస్సు తిరుగుతోంది. బస్సు కుదుపు కూడా బావ నడుముకు పడేది కాదు. దుకాణంలో వెనక్కి వాలి కూర్చుని, సంత నుంచి వచ్చేవాళ్లను ఇప్పచెట్టు కింద ఎవరున్నారని అడిగేవాడు. ఎవరో ఒకరి పేరు చెప్పేవాళ్లు. “మంచోడే” అనేవాడు ఎవరి పేరు చెప్పినా. పోయిన వానాకాలం ఆయన వెళ్లిపోయాడు. ఎలా తెలిసిందో, ఆ పెద్దాయన కొడుకులను తీసుకుని, మడతపెట్టిన మంచాన్ని భుజాన వేసుకుని వచ్చాడు, అవసరం పడుతుందేమోనని. పాడె అప్పటికే కట్టారు. అందరూ ఏడుస్తుంటే నేను మెల్లగా వెళ్లి మడతబందు మీద వేలితో తడిమి చూశాను. వెల్డింగు ఎక్కడా పగలలేదు. ఆ క్షణాన కలిగిన సంతోషాన్ని ఎవరికీ చెప్పలేదు, ఇదిగో మీకే చెబుతున్నాను.

పాడె గేటు దగ్గరికి వచ్చింది, కాళ్లు ముందు. అమ్మ అప్పటికి లేదు. అక్క వెళ్లి, అప్పట్లో సైకిలు లాగడానికి తను రోజూ నిలబడే చోట నిలబడింది. “తిప్పుండ్రి” అంది. పంతులుగారు శాస్త్రం చెప్పబోయారు. “ఈ గేటు నుంచి ఆయన్ని నేనెన్నడు కాళ్లు ముంగట పెట్టి పంపలే. రోడ్డెక్కినంక మీ ఇష్టం.”

బావ తల ముందుగానే ఇల్లు దాటాడు. రోడ్డు మీద పాడెను గుండ్రంగా తిప్పాలి. ఆ మలుపుకు ఎంత చోటు కావాలో అక్కడున్న మగవాళ్లలో నాకొక్కడికే తెలుసు. నెరిసిన తలతో ముందుకు వెళ్లి, కొంచెం పక్కకు జరగండని అందరికీ చెయ్యి ఊపాను.