అలమేలమ్మ టీచరు కోరిన పని

కొత్త బ్యాండేజీ గుడ్డను నీళ్లలో ముంచితే గంజి వాసన వస్తుంది. అది ముక్కుకు తగిలినప్పుడల్లా తమిళనాడులోని మా రాజపాళయంలో తెల్లవారుజాములు, మెడ చుట్టూ తడిగుడ్డ చుట్టుకుని నడక సాధన చేసిన అలమేలమ్మ టీచరు గుర్తొస్తారు.

అరవైల మొదట్లో ఫిజియోథెరపీ చదివి మా ఊరి ఆసుపత్రిలో చేరాను. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే అలమేలమ్మ టీచరుకు కాళ్లు తిమ్మిరెక్కి, చూపు మసకబారింది. మద్రాసులో చూపిస్తే మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నారు. నరాల పైపొర దెబ్బతినే జబ్బు. మందు లేదు, మంచం దిగవద్దన్నారు. నిలబడి పాఠం చెప్పలేకపోతే వేరొకరిని పెట్టుకుంటామని బడి నడిపే కరెస్పాండెంట్ కబురు పంపారు. ఆవిడ మంచం దిగి నా దగ్గరికి వచ్చారు.

చదువుకున్న పద్ధతిలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో నడిపించాను. కాసేపటికే కాళ్లు చచ్చుబడి కూలబడ్డారు. నేను భయపడి ఇక వద్దన్నాను. ఆవిడ గోడకు ఆనుకుని ఆలోచించారు. వేన్నీళ్లు పోసుకున్నా ఇలాగే అవుతోందని, ఒళ్లు చల్లబడితే బలం తిరిగొస్తోందని చెప్పారు.

“ఈ వేడే నన్ను పడగొట్టినాదమ్మా. రేపు ఎండ రాకముందే మొదలుపెడతాము. నిలిపేది లేదు.”

అలాగే, మెడకు తడి బ్యాండేజీ గుడ్డ చుట్టి, తెల్లవారకముందే మొదలుపెట్టాం. కొంత నడిచి, కొంత ఆగి, గోడ పట్టుకుని వరండా దాటే దాకా వచ్చారు. ఇంతలో వానాకాలంలో జబ్బు మళ్లీ విరుచుకుపడింది. కాళ్లలో బలం బాగా పోయింది. ఎలాగైనా నిలబెట్టాలని నేను పంతం పట్టాను. ఒకరోజు ఆవిడ నా చేయి పట్టుకుని ఆపారు.

“నడిచేది నీకు కావాల. నాకు లెక్కలు చెప్పాల. దానికి చెయ్యి చాలదా?”

మర్నాటి నుంచి కుర్చీలో ఒరిగిపోకుండా కూర్చోవడం, చేయెత్తి రాయడం సాధన చేశాం. బడిలో వడ్రంగి చేత నల్లబల్లను కుర్చీలోంచి అందేంత కిందికి దింపించారు. ఒక్క పాఠం విని చూడమని ఆవిడే కరెస్పాండెంట్‌ను అడిగారు. ఆయన వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో సుద్దముక్క జారిపడింది. ఆవిడ ఒడిలోంచి ఇంకొకటి తీసుకుని లెక్క పూర్తి చేశారు. పాఠం అయ్యాక ఆయన, “రేపు కూడా వచ్చేయండి టీచర్” అని మాత్రం అన్నారు. చేతులు సహకరించినన్నాళ్లూ ఆవిడ పాఠం చెప్పారు.

తర్వాత నేను ఈ జబ్బున్నవారి పునరావాసం మీదే పరిశోధనలోకి వెళ్లాను. అక్కడ అందరూ ముందు నడకనే కొలిచేవారు. నేను మాత్రం ముందు, మీకు ఏం చేయగలగాలని ఉంది అని అడుగుతాను. ఈమధ్య ఒక మిల్లు కార్మికుడు కూతురికి జడ వేయాలన్నాడు. సాధన అతని వేళ్లతోనే మొదలుపెట్టాం.