కుడి కంటి అద్దం

ఒక పసిపిల్ల కన్ను ఇరవై ఏళ్లకు పైగా నా గుండెల మీద బరువై కూర్చుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా తెలియదు. మీరు నన్నెరగరు. అందువల్లనేమో, మీకైతే చెప్పగలనని అనిపిస్తోంది.

పటాన్‌చెరు బజారులో నాకు కళ్లజోళ్ల దుకాణం ఉండేది. మా వాళ్లది ధాన్యం వ్యాపారం. నేను మాత్రం పట్నంలో అద్దాలు చెక్కడం నేర్చుకొని వచ్చి, మా అన్న దుకాణంలోనే ఒక పక్క జాగా అడిగి తీసుకున్నాను. వీడు ఆర్నెల్లలో మూసేస్తాడని అన్న అందరితో అనేవాడు. నా చేత కాదన్న మాట ఆయన ముందు నా నోట రాకూడదు. అప్పట్లో దాన్ని పట్టుదల అనుకున్నాను.

సుగుణ ఆ రోజుల్లోనే వచ్చింది. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. చంకలో నాలుగేళ్ల కూతురు, శ్రావణి. ఏడో నెలలోనే పుట్టిన పిల్ల. పెద్దాసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టి బతికించారట. టీవీకి ముక్కు ఆనించి చూస్తోందని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, దూరపు చూపు బాగా తక్కువుందని, నెలలు నిండక పుట్టిన పిల్లల్లో ఇది వస్తుంటుందని చెప్పి జోడు రాశారు. ఎడమ కంటికి మైనస్ మూడు, కుడి కంటికి మైనస్ తొమ్మిది. పడుకునేటప్పుడు తప్ప జోడు తీయకూడదు. రోజూ కొంతసేపు బాగున్న ఎడమ కంటికి గంత కట్టి, కుడి కంటితోనే చూడనివ్వాలి. లేకపోతే ఆ కన్ను చూడటమే నేర్చుకోదు. డాక్టరు చెప్పినదంతా సుగుణ పాఠం అప్పజెప్పినట్టు నాకు చెప్పింది.

పట్నంలోనే చేయించుకోమ్మా అంటే అక్కడే చేయించుకునేది. నేను అనలేదు. ఆదివారానికి ఇస్తానన్నాను.

కుడి అద్దం సానరాయి మీద అంచు తీస్తుంటే పగిలింది. అంత పవరుది ఇంకొకటి పట్నం నుంచి రావాలి, వారమైనా పడుతుంది. ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్లు వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. అన్న తన కుర్చీలోంచి చూస్తున్నాడు. పగిలిందమ్మా, వారం ఆగు అంటే అయిపోయేది. నేను లోపలికి వెళ్లి, నా దగ్గరున్న మైనస్ అయిదు అద్దం చెక్కి బిగించి ఇచ్చేశాను. అసలుది రాగానే ఏదో వంక చెప్పి మార్చేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నానా, లేక అలా అనుకుంటే ఆ అద్దం బిగించడం తేలికవుతుందనా? ఇప్పటికీ నాకు తెలియదు.

శ్రావణి జోడు పెట్టుకొని గోడ మీది క్యాలెండరు చూసి నవ్వింది. ఎడమ కంటితో చూసి నవ్విందని నాకు తెలుసు.

ఆ వారంలోనే సుగుణ మళ్లీ వచ్చింది. పిల్ల కనుబొమ్మ మీద పట్టీ వేసి ఉంది.

"సేటు, మంచి కన్ను కట్టంగనే ఏం కనిపిస్తలేదని ఏడుస్తుంది. గడప తట్టుకొని పడ్డది. అద్దం జెర సూడరాదు, సరింగ లేదేమో."

అన్న తలెత్తాడు. నేను జోడును వెలుతురుకు పట్టి, పరీక్షిస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాను.

"అద్దం బరాబర్ ఉంది సుగుణమ్మా. నెలలు నిండని కండ్లు గదా, అలవాటు కావాలె."

"ఎన్ని రోజులైతది మరి?"

ఆమె చూపు ఆ అద్దం మీదే ఉంది. దాన్ని అక్కణ్నుంచి తప్పించాలి. ఆ క్షణాన నాకు కావలసింది అదొక్కటే.

"కడుపుతోని ఉన్నప్పుడు గూడ కంపెనీకి పోయినవా?"

"పోయిన. నొప్పులొచ్చేదాంక పోయిన."

"అందుకే."

ఆమె జోడు తీసుకొని కొంగుతో తుడిచి, పిల్లకు పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అసలు అద్దం పట్నం నుంచి వచ్చింది. కబురు చేస్తే చాలు, వచ్చేవాళ్లు. కానీ అది ఎంత మందంగా ఉంటుందో చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇన్నాళ్లు పెట్టుకున్నదేమిటని ఆమె అడుగుతుంది. అన్న వింటాడు. రేపు పంపుదాం, ఎల్లుండి పంపుదాం అనుకుంటూ, ఒకరోజు దాన్ని తీసుకెళ్లి బజారు వెనక మురుగు మోరీలో పడేశాను. మొదటిది చేజారిన తప్పు అనుకోవచ్చు. దీన్ని ఏమనాలి?

చూపు దానంతటదే అలవాటవుతుందని నా మాట నమ్మి, సుగుణ ఏడుస్తున్న పిల్లకు కన్ను కట్టడం మానేసిందట. జోడు విరిగిపోయేదాకా డాక్టరు దగ్గరికీ పోలేదు. అప్పటికి ఏడాది దాటిపోయింది. ఎందుకు కట్టలేదని, ఇన్నాళ్లు ఎందుకు రాలేదని ఆయన కోప్పడితే తలవంచుకొని మాటలు పడిందట. ఇదంతా కొత్త జోడు కోసం మళ్లీ నా దగ్గరికే వచ్చినప్పుడు ఆమే నాకు చెప్పింది, నా మీద అనుమానపు నీడ కూడా లేకుండా. ఈసారి అద్దం సరిగ్గానే చేశాను. మళ్లీ కన్ను కట్టడం మొదలుపెట్టారు. కుడి కన్ను పెద్దగా మారలేదు. ఆ తర్వాత సుగుణ కంపెనీ మానేసింది. అత్తగారింట్లో అందరూ ఆమెనే అంటున్నారని, తనకూ అదే నిజమనిపిస్తోందని చెప్పింది. నేను వింటూ జోడు ముక్కుపట్టీలు సరిచేశాను.

శ్రావణి ఇంటర్ చదివేటప్పుడు కొత్త జోడు కోసం తల్లితో వచ్చింది. కుడి కన్ను సంగతి ఏమిటని ఏమీ ఎరగనట్టు అడిగాను. ఎందుకడిగానో. ఆ పిల్ల ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అది చిన్నప్పటి నుంచి గంతే అంకుల్. అమ్మ నన్ను కడుపుల పెట్టుకొని డ్యూటీకి పోయింది గదా."

సుగుణ నేల చూపులు చూస్తూ నిలబడింది. నా మాట ఆమె ఇంట్లో అన్నేళ్లు తిరిగి, చివరికి కూతురి నోట్లోకి చేరింది. ఆ పూటైనా నోరు విప్పి ఉండొచ్చు. కొత్త ఫ్రేములు తీసి చూపించాను.

సరైన అద్దం పెట్టి ఉంటే ఆ కన్ను తప్పకుండా వచ్చేదా? చెప్పలేను. నెలలు నిండని కళ్లు, అంత పవరు, ఎంతవరకు వచ్చేదో డాక్టర్లే చెప్పాలి. ఈ 'చెప్పలేను' చాటున ఇన్నేళ్లు దాక్కున్నాను. కానీ తల్లి పనికి పోవడం వల్లే కన్ను పోయిందని ఏ డాక్టరూ అనలేదు. అన్నది నేను.

దుకాణం ఎప్పుడో మూసేశాను. అన్న కూడా లేడు. భయపడాల్సిన మనిషి లేకపోయినా, ఆమె గుమ్మం దాకా పోయే ధైర్యం నాకు రాలేదు. మీరు క్షమించాలని రాయడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు.

సుగుణ తప్పేమీ లేదు. ఆ పిల్ల కంటికి తప్పుడు అద్దం పెట్టింది నేను, అది తెలిసి దాచింది నేను. ఈ మాట నా చేత్తో రాసి ఇప్పుడు చూసుకుంటున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి దీన్ని కొట్టేయాలనిపించడం లేదు.