లేని చూరు

దెయ్యాలూ భూతాలూ నేను నమ్మను. నమ్మేవాళ్లతో వాదన పెట్టుకుని, వాళ్లిచ్చిన కాఫీ సగంలో వదిలేసి లేచి వచ్చేసిన రోజులున్నాయి. మా వైపు, అందులోనూ దివిసీమలో, ఇలాంటి కథలకి కొదవలేదు. ఉప్పెనలో పోయినవాళ్లు అమావాస్యకి ఏడుస్తారట, దాహమని నీళ్లడుగుతారట. వాళ్లు బతికున్నన్నాళ్లూ ఆ పల్లెపాలేల వైపు కన్నెత్తి చూడని పెద్దమనుషులకే ఈ ఏడుపులన్నీ వినిపిస్తాయి. అదే నాకు ఒళ్లుమంట. కాబట్టి కింద రాసింది దెయ్యం కథ కాదు. మరేమిటి అంటే చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది గుడివాడ. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. మా ఊళ్లో రిటైరైన మగాళ్లు కొందరు కలిసి ప్రాంతీయ చరిత్ర, వారసత్వం అంటూ ఒక సమితి పెట్టుకున్నారు. వీళ్లకి చరిత్ర అంటే అందులో ఒక రాజైనా ఉండాలి, దొరైనా ఉండాలి. బందరు వెళ్లి డచ్చివాళ్ల సమాధుల దగ్గర గుంపుగా నిలబడి ఫోటో దిగుతారు, వస్తూ వస్తూ లడ్డూలు కొనుక్కుంటారు. అదీ పరిశోధన.

వాళ్లు ప్రత్యేక సంచిక వేస్తామంటే, ఉప్పెనకి తుడిచిపెట్టుకుపోయిన పల్లెల మీద ఒక్క పేజీ అయినా ఉండాలని గొడవ పెట్టుకున్నాను.

"అక్కడేం మిగిలిందండీ మేడం, రొయ్యల చెరువులు తప్ప?" అన్నారు అధ్యక్షులవారు. "అంతగా ఉంటే మీరే వెళ్లి రాయండి."

ఎండలో అంత దూరం వెళ్లే పని ఎవరో ఒకరి నెత్తిన పెట్టాలి, నా నెత్తిన పెట్టారు. ఈ మాట విని నేనూ వస్తానంది మా తోడికోడలు రత్నం.

రత్నం సంగతి చెప్పాలి. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత అవనిగడ్డ సహాయ శిబిరంలో దొరికిన పిల్ల. అప్పటికి నాలుగేళ్లుంటాయేమో. ఊరేదంటే చెప్పలేకపోయింది. అమ్మ పేరేంటంటే "అమ్మ" అందట. పెదపారుపూడి నుంచి బియ్యం మూటలు తీసుకెళ్లిన రైతు దంపతులు, పిల్లల్లేనివాళ్లు, ఆ పిల్లని తెచ్చుకుని సొంతబిడ్డలా పెంచారు. వాళ్లు పోయాక పొలం అన్నదమ్ముల పిల్లలకి పోయింది, ఆ గడపా మూసుకుపోయింది.

పెంపుడు సంగతి పెళ్లయ్యాక బయటపడింది. మా అత్తగారికి అంతకన్నా పెద్ద ఆయుధం అక్కర్లేకపోయింది. శ్రావణ మాసం పేరంటంలో ఎవరైనా "మీ చిన్నకోడలి పుట్టిల్లు ఏవూరండీ?" అని అడిగితే చాలు.

"దానికి పుట్టిల్లేంటమ్మా, ఉప్పునీళ్లు!" అని అందరి ముందూ నవ్వేది. ఏ కులమోనన్న గుసగుస ఆ తర్వాత. రత్నం తల వంచుకుని, వచ్చినవాళ్ల కాళ్లకి పసుపు రాస్తూ ఉండిపోయేది.

ఆమెకి ఆస్తులక్కర్లేదు, చుట్టాలక్కర్లేదు. అడిగినవాళ్లకి చెప్పుకోవడానికి ఒక ఊరి పేరు కావాలి. అంతే.

"దొరక్కపోతే ఏడవకూడదు మరి" అన్నాను ఆటోలో.

"దొరికితే ఏడవచ్చా అక్కా?" అంది.

నాగాయలంక దాటి, సముద్రానికి దగ్గర్లో ఒక పాలెం. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే మా సమితివాళ్లు రేపే వెళ్లి అక్కడా ఫోటోలు దిగుతారు. రోడ్డు పక్కన ఒక ముసలావిడ వల మీద చేపలు ఎండబెడుతోంది. మమ్మల్ని చూసి, "ఏంటమ్మా, కొలతలకొచ్చారా? రోడ్డేత్తారా?" అంది.

"కాదు మామ్మా. ఉప్పెనకి ముందున్న పాత ఊరు చూద్దామని."

"ఊరెక్కడుంది తల్లీ చూడ్డానికి! రొయ్యలున్నాయి, చూసిపోండి" అంది. అని, కర్ర పుచ్చుకుని తనే ముందు నడిచింది.

అన్నీ చెరువులే. మధ్యలో ఇసక మెరక ఒకటి మిగిలింది, నాలుగు తాడిచెట్లతో. పాత ఊళ్లో కొంత భాగం దాని మీదే ఉండేదట. ఇప్పుడు పునాది రాయి లేదు, ఇటుక ముక్క లేదు. పట్టపగలు, మొహం మీద ఎండ, చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోత. దెయ్యాలకి ఇంతకంటే పనికిరాని చోటు ఉండదు.

రత్నం ఎండకి ఓర్వలేక నా గుడ్డసంచీ నెత్తిన పెట్టుకుంది. ఇంటికి గ్యాస్ బండ వస్తుందనీ, తీసుకునేవాళ్లు లేరనీ ఏదో చెప్తూ నడుస్తోంది. ఒకచోట, మాట ఆపకుండానే, నెత్తిమీది సంచీ దించి చంకన పెట్టుకుంది. నడుం బాగా వంచింది. అలాగే నాలుగడుగులు వేసి లేచి నిలబడింది. అప్పటికీ గ్యాస్ బండ గురించే చెప్తోంది.

"ఎందుకు వంగావు?" అన్నాను.

"నేనెక్కడ వంగానక్కా?"

మెరక ఎక్కాక వెనకబడ్డ ముసలావిడ ఇసకలో కూలబడింది. "చూరు కింద దూరినట్టు దూరిందే! మా పక్కింటి సత్తెమ్మ ఇక్కడే, ఇట్టాగే, తట్ట దించుకుని..." అని నోరు కొంగుతో మూసుకుంది.

అప్పట్లో అక్కడ అన్నీ తాటాకిళ్లు. గాలికి ఎగిరిపోకుండా చూరు బాగా కిందికి దించి కట్టేవాళ్లు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడమనిషి ముందు తట్ట దించాలి, తర్వాత నడుం వంచాలి, అప్పుడు గానీ లోపలికి పోలేదు.

నేను అంత తేలిగ్గా లొంగే రకం కాదు. సత్తెమ్మకి పిల్లలున్నారా అని అడిగాను. "పిల్లల్లేని కొంప ఉందా అప్పుడు? ఆడపిల్లుంది, మొగపిల్లోడున్నాడు. ఎవరూ మిగల్లా" అంది. ఇది రుజువు కాదు. ప్రతి ఇంట్లోనూ ఒక ఆడపిల్ల ఉండే ఉంటుంది. అంతమందిని పోగొట్టుకున్న మనిషి, ఎవరెక్కడ వంగినా తనవాళ్ల గడపే అనుకుంటుంది. మనసులో అలా కొట్టిపారేసి, పరీక్ష పెట్టాను.

రత్నానికి ఏమీ చెప్పకుండా, తాడిచెట్టు దగ్గర కళ్లజోడు కవరు పడిపోయింది, చూసి రమ్మన్నాను. వెళ్లినామె చెట్టు చుట్టూ తిరిగి అవతలివైపు నుంచి వచ్చింది. సంచీ ఈసారి మొదటినుంచీ చంకనే ఉంది. సరిగ్గా అక్కడికి రాగానే వంగింది. వంగే నడిచింది. ఇవతలికి వచ్చి లేచి నిలబడి, సంచీ తీసి నెత్తిన పెట్టుకుంది. ఇంట్లోంచి బయటికి వచ్చే మనిషిలాగా.

"కవరు లేదక్కా" అంది.

తర్వాత నేను నడిచాను, తల ఎత్తుకుని, కావాలనే. నాకేమీ తగల్లేదు. ఇసక, ఎండ, అంతే.

తిరుగు బస్సులో రత్నానికి జరిగింది చెప్పి, నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. చిన్నప్పటి అలవాటు, ఒంటికి గుర్తుండి ఉంటుంది, మనసుకి తెలియకపోయినా. చక్కటి వివరణ. పామర్రు దాకా నిలబడింది. అక్కడ ఒక తల్లి నాలుగేళ్ల పిల్లని నడిపించుకుంటూ బస్సెక్కింది. పిల్ల తల సీటు పైకమ్మీ దాకా కూడా రాలేదు. అంత పిల్ల ఎంత కిందికి దించిన చూరు కిందైనా నిలబడే నడిచిపోతుంది. వంగాల్సిన పనే లేదు. తట్ట మోసే పని అసలే లేదు. పెదపారుపూడిలో పెరిగిన రత్నం తర్వాతా ఎన్నడూ తట్ట మోయలేదు. మరి ఆ అలవాటు ఎవరిది?

ఇంటికొచ్చి మావారికి చెప్తే పేపరు దించకుండానే తేల్చేశారు. "వాళ్లమ్మని చూసి నేర్చుకుని ఉంటుందిలే."

"అయితే అది వాళ్లమ్మ ఇల్లేనని ఒప్పుకుంటున్నారా?"

"నేనెప్పుడన్నాను?"

"ఇప్పుడే అన్నారు. ఇల్లు వాళ్లది కాకపోతే నేర్చుకున్నది అక్కడే ఎందుకు గుర్తొస్తుంది? గుర్తుపట్టడానికి అక్కడ గోడా లేదు, గుంజా లేదు."

ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

సంచికకి నేను పేజీ ఇవ్వలేదు. ఆ ఖాళీలో సమితివాళ్లు తమ ఫోటోనే ఇంకొంచెం పెద్దది చేసి వేసుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ శ్రావణంలో మా ఇంట్లోనే పేరంటం. పక్కవీధికి కొత్తగా వచ్చిన ఒకావిడ రత్నాన్ని చూసి, పుట్టిల్లు ఏవూరని అడిగింది. మా అత్తగారు అప్పుడే నవ్వు మొదలుపెట్టింది. రత్నం పసుపు గిన్నె కింద పెట్టి, తలెత్తి, ఆ పాలెం పేరు చెప్పింది.

అత్తగారి నవ్వు ఆగిపోయింది. రత్నాన్ని ఏమీ అనలేక నా మీదికి తిరిగింది.

"నువ్వు తీసుకెళ్లావటగా. చరిత్ర చెప్పేదానివి, నువ్వే చెప్పు. రుజువుందా?"

క్లాసులో పిల్లల్ని రోజూ ఆ ఒక్క ప్రశ్నతోనే చంపుతుంటాను నేను. రత్నం నా వైపు చూడలేదు. వేళ్లకున్న పసుపు చూసుకుంటోంది.

"ఉందండీ" అన్నాను.

నేనన్నది నిజమో అబద్ధమో నాకు ఈ రోజుకీ తెలియదు.