గొంగడి కప్పుకున్న కంప్యూటర్

వనపర్తి దాటాక బస్సులో ఖాళీ సీటు ఉందనుకొని కూర్చోబోయాను. అక్కడ గొంగడి కప్పుకొని ఒక కంప్యూటర్ కూర్చుంది. పక్కన నూరుద్దీన్. కొత్తకోటలో కంప్యూటర్లు బాగుచేసే ఈ మనిషికి, నేనెరిగినప్పటి నుంచీ ఒకటే పిచ్చి. ఆపేసిన కంప్యూటర్ ముందు నోరు విప్పడు. ప్లగ్గు పీకేదాకా పెదవుల మీద వేలే. ఆయన దుకాణంలో గిరాకీలు కూడా సైగలతోనే బేరమాడతారు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అన్నాను, దాన్ని ఆయన ఒళ్లోకి జరిపి.

"బేఫికర్ మాట్లాడు సార్. వైరు లేదు, నిజంగ నిద్రపోతాండు."

"ఎవడు?"

"లోపలోడు. పెద్ద చిప్పుల ఇంకో చిన్న కంప్యూటర్ దాచిపెడ్తరు. మనం బంద్ చేసినా, ప్లగ్గుంటె వాడు మేల్కొనే ఉంటడు. నెట్ వైరు గూడ ఉంటె, వాని తాళం, అంటె పాస్‌వర్డు, తెలిసినోడు ఎంత దూరం నుంచైనా వాన్ని పిల్వొచ్చు."

పాత సంస్థానాల కోటలు చాలా తిరిగినవాణ్ని. దొంగదారి సంగతి కట్టినవాడికి తెలుస్తుంది, లోపల పడుకునే రాజుకు తెలియదు. ఎందుకో గొంగడి వైపు చూడబుద్ధి కాలేదు.

"మన మాటలు వింటాడా?"

"చెవులు లేవు. చేతులే ఉన్నయ్."

"మరి నువ్వు నోరెందుకు మూసుకుంటావు?"

కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ మిషన్ కొల్లాపూర్‌లో శైలజది. పింఛన్లకు వేలిముద్రలు తీసే దుకాణం. పట్నంలో ఏదో ఆఫీసు అమ్మేసిన పాతది కొన్నది. పొద్దుగూకాక ఆపేస్తే దానంతటదే వెలిగేదట, తెర మీద బాణం ఎవరో తోసినట్టు కదిలేదట. దయ్యమని అత్త నర్సింగమ్మ నిమ్మకాయలు కట్టి, దుకాణం మూయమని పట్టుబట్టింది. మూస్తే శైలజ మళ్లీ పత్తి చేలకు కూలికి పోవాలి.

ఆ వింతేదో చూద్దామని నేనూ ఆయన వెంట దిగాను. మేం వెళ్లేసరికి అత్త అరుగు మీదే ఉంది. "మల్ల తెచ్చినవా దాన్ని? గీ పాడుమొఖంది నా ఇంట్ల అడుగుపెట్టిన కాడికెల్లి..." అంటూ గడపలో ఉన్న కోడలి వైపు వేలు చూపింది.

నూరుద్దీన్ మాట్లాడకుండా వైర్లు తగిలించాడు. ఇంకా ఎవరూ బటన్ నొక్కలేదు. లోపల ఫ్యాను సగం తిరిగి ఆగింది. నర్సింగమ్మ గొంతూ ఆగింది.

ఆయన ప్లగ్గు పీకి, అప్పుడు నోరు తెరిచాడు. "పాత ఆఫీసోని తాళం ఇంక దీంట్లనే ఉండె అవ్వా. దాంతోని ఎవడో లేపిండు. తీసేసిన. కొత్తది నీ కోడలే పెట్టుకుంటది. పొద్దుగూకంగ వైర్లు పీకుర్రి, చాలు."

"అయితె లోపలోడు పోయిండా?"

"యాడికి వోతడు? ప్రతి మిషన్ల ఉంటడు. కోడల్ని తిడ్తె వింటడు," అని మళ్లీ ప్లగ్గు పెట్టేశాడు.

నర్సింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కంప్యూటర్ వైపు ఓ కంట చూస్తూ, "పొద్దటి సంది ఏం తినలేదు, జర తిను బిడ్డా," అంది కోడలితో, దానికి కూడా వినబడేంత గట్టిగా.

నేను నూరుద్దీన్ పక్కకు జరిగి, "చెవులు లేవన్నావు కదా?" అన్నాను.

పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. గొంగడి దులిపి భుజాన వేసుకొని, వేలు తీయకుండానే బస్టాండు దారి పట్టాడు.