విమలత్త పేపరు చదివే తీరు

మొన్న నారాయణగూడ ఫ్లైఓవర్ దిగిన చోట ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షకు వెళ్లాను. నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి మోచేతి మడతలో రుద్దగానే ఆ చల్లని ఘాటు వాసన ముక్కుకు తగిలి, ఎక్కడున్నానో క్షణంపాటు మరిచిపోయాను. నాకది ఆసుపత్రి వాసన కాదు. తొంభైల్లో చిక్కడపల్లిలో మేమున్న ఇంటి వెనక వసారా వాసన. ఆదివారం పొద్దున రుబ్బురోలు పక్కన, గాజు స్పిరిట్ దీపంలో నీలం మంట వెలిగించి, దాని ముందు పీట వేసుకుని కూర్చున్న మా విమలత్త గుర్తుకొచ్చింది.

విమలత్త మా నాన్నకు చెల్లెలు. నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేది. గంజి పెట్టిన నూలు చీర, గట్టిగా అల్లిన జడ, వేళ్ల చివర ఎన్ని సబ్బులు రుద్దినా పోని గోధుమ రంగు మరకలు. కాలేజీ తర్వాత ఆమెకు అంత ఇష్టమైంది పొద్దున్నే వచ్చే పేపరు. నల్లా వచ్చే వేళకే పేపరు కూడా వచ్చేది. గల్లీలో బిందెల చప్పుడు, గుడి మైకు, వంటింట్లోంచి అల్లం దంచిన వాసన, దూరంగా క్రాస్‌రోడ్స్ వైపు పోయే మొదటి బస్సుల మోత, వీటన్నిటి మధ్య ఆమె గడప మీద కూర్చుని పేపరు విప్పేది. సినిమా పేజీ పిల్లలమైన మాకు, రాజకీయాలు నాన్నకు, వింతలూ విజ్ఞానమూ ఆమెకు.

ఆ రోజుల్లో అలాంటి వార్తలకు కరువు లేదు. గ్రహాలన్నీ ఒక వరుసలోకి వచ్చి భూమి బద్దలవుతుందని ఒకరోజు, అయస్కాంతం ముంచిన నీళ్లు తాగితే మోకాళ్ల నొప్పులు పోతాయని ఇంకోరోజు, గ్రహణం పూట వండిన అన్నం విషమవుతుందని మరోరోజు. విమలత్త వాటిని చూసి నవ్వేది కాదు. శాస్త్రవేత్తలు కనుగొన్నారు అని ఉన్నచోట వేలు పెట్టి, ఎవరా శాస్త్రవేత్త, ఆయనకో ఊరూ పేరూ ఉన్నాయా, మనుషుల మీద చూశాడా, ఎంతమంది మీద చూశాడు అని మమ్మల్ని అడిగేది. జవాబు ఆ కాలమ్‌లోనే వెతకాలి. దొరికితే శభాష్ అనేది, అందులో లేదని కనిపెడితే ఇంకా పెద్ద శభాష్. ఎండాకాలం సెలవుల్లో లగోరి, చిర్రగోనె ఆడి ఒళ్లంతా మట్టి చేసుకుని వచ్చి, కుండ నీళ్లు తాగి, చల్లటి బండల మీద బోర్లా పడుకుని పాత పేపర్లు ముందేసుకుని మేం ఆ ఆట ఆడేవాళ్లం. అది చదువని మాకు తెలియదు.

నాయనమ్మకు షుగర్. తీపంటే ప్రాణం పెట్టే మనిషికి ఆ జబ్బు రావడం ఏం న్యాయమో. బతుకమ్మ పండక్కి వేడి రొట్టెలు చిదిమి బెల్లమూ నెయ్యీ కలిపి మలీద ముద్దలు కడుతుంటే, వాసనకే వాడకట్టు పిల్లలంతా మా వాకిట్లో చేరేవాళ్లు. అవి అందరికీ పంచి, తను మాత్రం వేళ్లకంటింది కొంగుకు తుడుచుకునేది. ఇళ్లలో షుగర్ చూసుకునే మిషన్లు అప్పటికి మా గల్లీకి రాలేదు. అందుకని విమలత్త ఆదివారం పూట ఒక నీలం మందును గాజు గొట్టంలో పోసి, అందులో నాయనమ్మ మూత్రం చుక్కలు వేసి, మంట మీద కదిలిస్తూ వేడి చేసేది. నీలం అలాగే ఉంటే పండగ. ఆకుపచ్చకు తిరిగితే పరవాలేదు. పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు వెళ్లిందంటే ఒంట్లో చక్కెర హద్దు మీరినట్టు. మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

ఒక వానాకాలం, ఆదివారం అనుబంధంలో ఒక వార్త వచ్చింది. ఏదో తీగ ఆకు నమిలితే షుగర్ పూర్తిగా నయమవుతుందనీ, విదేశీ శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారనీ రాశారు. ఆ తీగ పేరు ఇక్కడ చెప్పను, పాపం ఆకు చేసిన తప్పేమీ లేదు. మా పక్క వాటాలో కిరాయికుండే రాజ్యంగారి పెరట్లో ఆ తీగ గోడంతా అల్లుకుని ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఆవిడకు నాయనమ్మంటే కన్నతల్లితో సమానం. పొద్దున్నే తడి ఆకులు కోసి, ఇత్తడి గిన్నెలో పెట్టుకుని తెచ్చి ఇచ్చేవారు. నాయనమ్మ వాటిని మొహం చిట్లించుకుంటూ నమిలేది. ఒంట్లో తేలిగ్గా ఉందని అందరికీ చెప్పేది. ఆదివారం పరీక్ష మాత్రం ఏదో ఒక సాకుతో దాటేసింది. ఒకసారి ఉపవాసమంది, ఒకసారి నడుము నొప్పంది.

ఆ మధ్య బాత్‌రూంలో జారినప్పుడు నాయనమ్మ కాలి వేలికి తగిలిన దెబ్బ మానలేదు. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని తిరిగేది. ఒక ఆదివారం కట్టు మారుస్తుంటే విమలత్త చూసింది. వేలు నల్లబడి, వాసన వస్తోంది. వెంటనే వెళ్లి దీపం వెలిగించింది. ఆ రోజు గొట్టంలో నీలం ఎంతోసేపు ఆగలేదు. చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగి, అడుగున ముద్దలా పేరుకుంది. నాయనమ్మ కూడా చూసింది. ఆకు మొదలుపెట్టాక, డాక్టర్ ఇచ్చిన షుగర్ గోలీలు మానేశానని అప్పుడు ఒప్పుకుంది.

మేం విమలత్త కోప్పడుతుందనుకున్నాం. నాన్నయితే కోప్పడ్డాడు కూడా. ఆమె మాత్రం తల్లి పక్కన కింద కూర్చుని, డాక్టర్ దగ్గరికి పోదామంది.

"నేను రాను. పేపర్ల అబద్ధం రాస్తరా బిడ్డా?" అంది నాయనమ్మ.

"తెల్వదమ్మా. ఆకు పనిచేస్తదో చెయ్యదో నాకు నిజంగ తెల్వదు. సాయంత్రానికి తెలుసుకొని చెప్త. అప్పటిదాక గోలీ ఏస్కో."

నాయనమ్మ గోలీ వేసుకుంది కానీ డాక్టర్ మాట ఎత్తనివ్వలేదు.

మధ్యాహ్నం వాన కాస్త తెరిపియ్యగానే విమలత్త గొడుగు తీసుకుని నన్ను వెంటబెట్టుకుని అశోక్‌నగర్‌లో పెద్ద లైబ్రరీకి బయల్దేరింది. పోటీ పరీక్షలకు చదివే అన్నలు మోచేతులు ఆనించుకుని బల్లల నిండా కూర్చుని ఉన్నారు. పైన ఫ్యాన్లు కిర్రుమంటూ తిరుగుతున్నాయి. తడి గొడుగుల వాసనా పాత కాగితం వాసనా కలిసిపోయి ఉన్నాయి. ఆమె ముందు మన పేపరునే మళ్లీ తీయించింది. వార్త కిందే, అదే పేజీలో, ఆ ఆకు పొడిని పోస్టులో పంపుతామన్న ప్రకటన ఉంది. ఇంట్లో చదివినప్పుడు అది మా ఎవరి కంటా పడలేదు. తర్వాత ఇంగ్లిష్ పేపర్ల కట్టలు ఒకటొకటే తిరగేసింది. వేలితో కాలమ్ పొడవునా కిందికి జరుపుతూ, విసుగు లేకుండా, ఒక్క పేజీ దాటకుండా వెతికింది. చివరికి అదే వార్త దొరికింది. అందులో, మన పేపరు వదిలేసిన వాక్యాలు ఉన్నాయి. ఆ ఆకు రసం ఇచ్చింది ఎలుకలకు. మనుషుల సంగతి ఇంకా చూడలేదని ఆ శాస్త్రవేత్తలే చెప్పుకున్నారు.

నేనైతే గెలిచామనుకుని ఎగిరి గంతేశాను. ఆమె మొహంలో గెలుపేమీ లేదు. దారిపొడుగునా ఏదో ఆలోచిస్తూ నడిచింది.

ఇంటికి రాగానే రాజ్యంగారిని కూడా పిలిచి కూర్చోబెట్టింది. చూసిందంతా తెలుగులో చెప్పింది. ఎలుకలకు షుగర్ నిజంగానే కొంత తగ్గిందన్న మాట కూడా దాచలేదు. అది దాచి ఉంటే తన వాదన ఇంకా గట్టిగా ఉండేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. రాజ్యంగారు కళ్లొత్తుకుని, మంచి జరుగుతుందనుకునే తెచ్చానన్నారు. మీరు ప్రేమతో తెచ్చారు, రాసినాయనే సగం రాశాడని విమలత్త ఆవిడ చెయ్యి పట్టుకుంది.

నాయనమ్మ కాలి కట్టు సర్దుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"మా అక్క గిట్లనే దవాఖానకు పోయింది. కాలు తీసేసి పంపిన్రు. ఆకుతోని అయితదంటే పానం లేచొచ్చింది బిడ్డా."

ఆ మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. విమలత్త తల్లి కాలిని తన ఒడిలోకి తీసుకుంది.

"నాకు గూడ భయమే అమ్మా. అందుకే రేపు పొద్దుగాల్నే పోదాం. ఆకు గూడ తీస్కపోయి డాక్టర్‌కు చూపిద్దాం. ఏమంటడో నువ్వే అడుగు."

మర్నాడు ఆటోలో నాయనమ్మ ఒక చేత్తో నాన్న భుజం, ఇంకో చేత్తో జేబురుమాల్లో కట్టిన ఆకులు పట్టుకుని కూర్చుంది. డాక్టర్ ఆకులు చూసి, గోలీలు ఆపనంటేనే దీని గురించి మాట్లాడదామన్నాడట. ఇంకా ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేదన్నాడట. గోరు పోయింది, వేలు మిగిలింది. రోజూ కట్టు మార్చడం విమలత్తే చేసింది. పుండు ఎండుతున్నకొద్దీ గొట్టంలో రంగు కూడా ఇటుక నుంచి పసుపుకు, పసుపు నుంచి ఆకుపచ్చకు మళ్లింది. తంగేడు పూలు మార్కెట్‌కు దిగే వేళకు నాయనమ్మ చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చి, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ నడిచింది.

ఆ తర్వాత మా గడప మీద ఆదివారాలు రద్దీ అయ్యాయి. రాజ్యంగారు కత్తిరించిన వార్తలు పట్టుకుని వచ్చేవారు. ఆవిడను చూసి గల్లీలో ఇంకొందరు వచ్చారు. తెలిసింది తెలుసనీ, తెలియంది తెలియదనీ విమలత్త చెప్పేది. అరటితొక్కతో రుద్దితే బూట్లు మెరుస్తాయన్న వార్తను ఒకసారి చూడకుండానే కొట్టిపారేసింది. మనసొప్పక, మర్నాడు నాన్న బూటు ఒకటి రుద్ది చూసింది. మెరిసింది. తను తొందరపడ్డానని, ఆ ఒంటి బూటు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చింది. అంత చదువుకున్న మనిషి అలా నవ్వుతూ తన పొరపాటు చెప్పుకోవడం చూసి పెరగడం మా అదృష్టం.

నాయనమ్మ రెండు కాళ్లతోనే చాలా ఏళ్లు బతికి వెళ్లిపోయింది. ఆ ఇంటి చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది, రాజ్యంగారి పెరడు దాని పార్కింగ్‌లో కలిసిపోయింది. వార్తలు ఫోన్లోకి వస్తున్నాయి. ఎవరు రాశారో, ఎవరు కత్తిరించారో వాటి మీద ఉండదు. పక్క పేపరు తెచ్చి పోల్చి చూద్దామంటే ఆ పక్క పేపరేదో తెలియదు. నిరుడు విమలత్త పోయింది. పెద్దకర్మ నాడు, ఎనభై దాటిన రాజ్యంగారు కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. విమలత్త ఫొటోకు దండం పెట్టి, నా వైపు తిరిగారు.

"పేపరు రోజూ వస్తూనే ఉందమ్మా. అంతా చదువుతున్నాను. ఇది నిజమేనా అని ఎవర్ని అడగాలో తెలియట్లేదు."