సగం పాట పాడే మా చెల్లెలి అత్త

మా చెల్లెలి అత్త పోయిందన్న కబురు కోవిల్‌పట్టి సంతకు వెళ్ళిన మా పాలేరు తెచ్చాడు. విరుదునగర్ నుంచి రైల్లో వచ్చిన మిరపకాయల వ్యాపారి ఒకడు స్టేషన్లో చెప్పి పంపాడట. నేను వాకిట్లో సజ్జలు చెరుగుతున్నాను. చేట కింద పెట్టేసరికి రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. ఆవిడ లేకపోతే నా చెల్లెలు మళ్ళీ మూగబోతుందేమో అన్నది ఒకటి. ఇక నా చెల్లెలు నాది అన్నది రెండోది. ఏది ముందు వచ్చిందో నన్ను అడగకండి.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం లోకమర్యాద. ఆవిడ గురించి నలభై రాయగలను. కాని ఆవిడంటే నాకు కుళ్ళు. బతికి ఉన్నన్నాళ్ళూ కుళ్ళుకున్నాను, పోయాక కూడా అది తగ్గలేదు. అది దాచిపెట్టి రాస్తే ఆవిడే నవ్వుతుంది. మా వైపు తెలుగు వింటే మీకు నవ్వు రావచ్చు, సగం అరవం కలిసిన మాట. అయినా ఆవిడ మాటలు ఆవిడ పలికినట్టే రాస్తాను.

మా అమ్మ చిన్నతనంలోనే పోయింది. చెల్లెల్ని చంకనేసుకొని పెంచింది నేను. దాని తలలో పేలు తీసింది నేను, దానికి జ్వరమొస్తే కషాయం కాచింది నేను. విరుదుపట్టి పేరు మార్చి విరుదునగర్ అన్న కొత్తల్లో దాన్ని ఆ ఊరికి ఇచ్చాం. పత్తి మండీ ఉన్న ఇల్లు. మొదటి కాన్పుకు నా దగ్గరికే వచ్చింది. ఆడపిల్ల. నెలలు నిండకుండానే పుట్టి, పాలు తాగడం నేర్చుకునేలోపే పోయింది.

ఆ తర్వాత నా చెల్లెలు మాట మానేసింది. ఏడుపూ లేదు. గోడ వైపు తిరిగి కూర్చునేది. అన్నం కలిపి నోట్లో పెడితే నమిలేది, పెట్టకపోతే లేదు. కళుగుమలైకి తీసుకెళ్ళి మొక్కులు మొక్కాను. డమరుకం కొట్టి సోదె చెప్పేవాణ్ణి పిలిపించాను. తాయెత్తు కట్టించాను. మా అమ్మ పాడిన పాటలన్నీ దాని చెవి దగ్గర కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట తప్పకుండా పాడాను. అది కన్ను కూడా ఆర్పలేదు.

అప్పుడు వచ్చింది చెల్లెలి అత్త, ఒక్కతే, రైలు దిగి బండి మాట్లాడుకొని. కొడుక్కి ఇంకో పెళ్ళి చేస్తానని చెప్పడానికే వచ్చిందనుకొని నేను కొంగు బిగించి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ లోపలికి వచ్చి, కోడలి పక్కన గోడకానుకొని కూర్చుని, సంచిలోంచి తమలపాకులు తీసి, ఒక్కొక్కదానికీ ఈనె తీసింది. తర్వాత నాతో అంది:

"నా కోడల్ని పిల్చుకోని పోతా."

"దానికి ఒళ్ళు తెలియకుండా ఉండాది అత్తా. నీ ఇంట్లో ఏం పని చేస్తాది?"

"పని చెయ్యమని ఎవురు చెప్తిరి? ఆడవాళ్ళం పత్తి ఏరుతా ఉంటాం. ఆడ సుమ్మా, ఊరికే కూచుంటే చాలు."

నేను ఎంత వాదించినా వినలేదు. వింత ఏమిటంటే చెల్లెలు లేచి ఆవిడ వెంట వెళ్ళి బండెక్కింది. నా వైపు తిరిగి చూడలేదు. నా ఒళ్ళు మండిపోయింది.

పంట కాలంలో విరుదునగర్ వెళ్ళి చూశాను. ఆ ఇంటి వెనకవైపు పెద్ద వాకిలి. మండీకి వచ్చిన పత్తి అక్కడ గుట్టగా పోస్తారు. వీధిలోని ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఎండుటాకు ముక్కలు, మచ్చ పడిన పింజలు ఏరి పక్కకు వేస్తారు. ఏరుతూ పాడతారు. పత్తి దగ్గర పాట మా ఊళ్ళోనూ ఉంది కాని ఆ వాకిట్లో ఒక కట్టడి ఉండేది. మొదలుపెట్టిన మనిషి పాట ముగించకూడదు. సగం చరణం పాడి ఆగాలి. పక్క ఆమె అందుకోవాలి, ఆమెకు తోచింది కలపాలి, మళ్ళీ సగంలో వదలాలి. అలా చుట్టూ తిరిగేది పాట.

ఆ పాటంతా గురువమ్మ అనే ఒక ఆడమనిషి గురించి. గురువమ్మ ఎక్కడా లేదు. అందరూ కలిసి పుట్టించుకున్న మనిషి. భర్త రంగూన్ వెళ్ళి ఉలుకూ పలుకూ లేని ఒకామె ఉండేది. తన మొగుణ్ణి గురువమ్మకు మొగుడిగా చేసి తిట్టిపోసేది. చిన్న వయసులోనే బొట్టు చెరిపేసుకున్న ఇంకొకామె గురువమ్మకు ఎర్ర చీర కట్టించి తిరునాళ్ళకు పంపేది. ఒకరి గోడు ఒకరు అడిగేవారు కాదు. గురువమ్మకు ఏమైందో అని మాత్రం అడిగేవారు. నాకు అదంతా పనిలేని వాళ్ళ పనిగా కనిపించింది. నా చెల్లెల్ని దయ్యం పట్టినదానిలా అక్కడ కూర్చోబెట్టి వీళ్ళు పాటలు పాడుకుంటున్నారేమిటి అనిపించింది. ప్రతిసారీ పాట చెల్లెలి దగ్గరికి రాగానే ఆగేది. ఎవరూ పాడమనేవారు కాదు. కాసేపు చూసి అవతలామె అందుకునేది.

ఒక ఉదయం నేను చెల్లెలి వెనక కూర్చుని తల దువ్వుతున్నాను. చెల్లెలి అత్త పాట ఎత్తుకుంది:

"తై నెల పుట్టెనంట, గురువమ్మ ఒడి నిండా పత్తి గింజలంట..."

అని ఆగింది. ఆవిడ పట్నంలో పుట్టి పట్నంలో పెరిగింది. మండీల ఇంటి ఆడపడుచు, మండీల ఇంటి కోడలు. పత్తిని మూటగా చూసిందే గాని చెట్టుగా చూడలేదు. మా కరిసల్‌ నల్లరేగడి నేలలో, సంక్రాంతి వచ్చే తై నెలలో పత్తి విత్తుతానంటే పశువులు కూడా నవ్వుతాయి. నాకు నవ్వొచ్చింది, పెద్దావిడ కదా అని ఊరుకున్నాను.

"ఐపసి" అంది నా చెల్లెలు.

దువ్వెన నా చేతిలోంచి జారింది. అన్ని నెలల తర్వాత నా చెల్లెలు మాట్లాడిన మొదటి మాట అది. అమ్మా అని కాదు, అక్కా అని కాదు. దీపావళి వానలకు పత్తి విత్తే నెల పేరు.

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "అట్లనా? ఐపసిలోనా ఇత్తేది? నాకేం తెలుసు పిల్లా. సరి, మార్చి పాడుదాం" అని, ఐపసి నెల పుట్టెనంట అని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. నేను మాత్రం చెల్లెల్ని వాటేసుకొని బావురుమన్నాను. అది బిగుసుకుపోయి మళ్ళీ నోరు మూసుకుంది. ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, "గమ్మున ఉండు అమ్మాయీ. పత్తి తడిసిపోతాది" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

సాయంత్రం వంటింట్లో అడిగాను. "కావాలనే తప్పు పాడితివా అత్తా?"

"పొంగలికి సేద్యగాళ్ళు సంబరం చేస్తారు కాదా, అప్పుడే ఇత్తుతారేమో అనుకుంటిని. నిజంగానే తెలవదు."

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే నాకు మరీ కడుపుమంట. నాకు ఏ నెలలో విత్తాలో తెలుసు, ఎప్పుడు కలుపు తీయాలో తెలుసు, అమ్మ పాటల్లో ఏ చరణం తర్వాత ఏది వస్తుందో తెలుసు. ఇన్ని తెలిసిన దాన్ని నేను ఒక్క మాట రాబట్టలేకపోయాను. ఏమీ తెలియని ఆవిడ రాబట్టింది. ఆవిడ తెలియనితనం మీద కూడా నాకు కుళ్ళే.

ఆ రోజు నుంచి చెల్లెలు పాటలో మెల్లగా చేరింది. మొదట తప్పులు దిద్దడం. తర్వాత చిన్న చిన్న ముక్కలు కలపడం. మరుసటి ఏడు నేను వెళ్ళినప్పుడు చెల్లెలు పాటలో గురువమ్మ ఇంట్లో ఉయ్యాల కట్టించింది, ఆ ఉయ్యాల ఊగడం లేదని పాడింది. నేను అక్కడే ఉన్నాను. పత్తి ఏరే చేతులు ఆగాయి. ఎవరూ ఓదార్చలేదు, దేవుడి మాటలు చెప్పలేదు. రంగూన్ ఆమె అందుకుని పాటలోనే ఆ ఉయ్యాల తాడు విప్పి మడిచింది. అవతలామె దాన్ని పెట్టెలో పెట్టింది. పాట చుట్టూ తిరిగి వచ్చేసరికి నా చెల్లెలు ఏడుస్తోంది, అందరి మధ్యలో, గట్టిగా. బిడ్డ పోయిన నాడు నా ఒడిలో ఏడవని మనిషి! నేను లేచి దొడ్లోకి పోయాను. అక్కడికి ఆవిడ వచ్చి నా పక్కన నిలబడి, "ఏడ్చేదానికి కూడా తోడు మనిసి కావల" అంది. నేనున్నాను కదా తోడు అని అరవబోయి మింగేశాను.

ఆవిడ తీరే అంత. మాట కూడా సగమే చెప్పేది. పులుసు కాచి, ఉప్పు చాలిందా లేదా పక్కింటామెను పిలిచి అడిగేది. ముగ్గు మొదలుపెట్టి, మిగతాది ఆ దారిన పోయే పిల్లను వేయమనేది. నేను వెళ్ళి ఇంటి పనంతా చక్కబెడితే, "అంతా నువ్వే చేసేస్తే ఎదుట ఉండేది ఏం చేస్తాది?" అనేది. చెల్లెలికి తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. నవ్వేది, తిట్టేది, మనిషయింది. కాని నా ఇంటికి వస్తే నాలుగు రోజులు నిలిచేది కాదు. "అత్త కాచుకోని ఉంటాది అక్కా" అని మూట కట్టేది. ఆవిడకు రెండు చేతులెత్తి మొక్కాలని ఉండేది, ఆవిడ ఎదురుపడితే మూతి ముడుచుకునేదాన్ని.

ఇప్పుడు ఆవిడ లేదు. నేను వెళ్ళేసరికి చెల్లెలు అన్ని పనులూ చేస్తోంది, ఒక్క మాట లేదు. వచ్చినవాళ్ళకు తల ఊపుతోంది. ఆ కళ్ళు నాకు తెలుసు. ఒకప్పుడు గోడను చూస్తూ ఉండిపోయిన కళ్ళు అవే. నాతో మా ఊరికి వచ్చేయమన్నాను. పలకలేదు. కర్మ అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, అయినా పలకలేదు.

మర్నాడు పొద్దున వీధి ఆడవాళ్ళు ఎవరూ పిలవకుండానే వచ్చి పత్తి చుట్టూ కూర్చున్నారు. చెల్లెలు కూడా వచ్చి కూర్చుంది. దాని పక్కన ఆవిడ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చున్నాను. ఎప్పుడూ ఆవిడే ఎత్తుకునేది కాబట్టి ఎవరూ పాట ఎత్తుకోలేదు. చాలాసేపటికి చెల్లెలు గొంతు సవరించుకుంది.

"గురువమ్మ ఇంటికి అత్త వచ్చెనంట..."

ఆడవాళ్ళందరూ తలలెత్తారు. ఇన్నేళ్ళలో గురువమ్మకు మొగుడు పుట్టాడు, మరుదులు పుట్టారు, కుంటి మేక కూడా పుట్టింది. అత్త లేదు. అక్క కూడా లేదు. నేను వెళ్ళిన ప్రతిసారీ వెతుక్కునేదాన్ని, నా చెల్లెలు ఒక్కసారైనా గురువమ్మకు ఒక అక్కను ఇస్తుందేమోనని. తీరా ఈ రోజు ఇచ్చింది, అదీ అత్తను. నేను ఆగలేకపోయాను.

"పోయినా కూడా ఆయమ్మకేనా చోటు? గురువమ్మకు అక్క ఉండకూడదా?"

అందరి ముందూ అనేశాను. రంగూన్ ఆమె నోరు నొక్కుకుంది. చెల్లెలు నా వైపు తిరిగి చూసింది. నిజంగా చూసింది.

"ఉండేవాళ్ళని పాటలో ఎందుకు పెట్టేది అక్కా? నువ్వు ఉండావు కాదా." ఆ మాట అని నా మోకాలి మీద చెయ్యి వేసింది. "వదిలేసి ఉండాను చూడు. అందుకో."

గురువమ్మ ఇంటికి అత్త వచ్చింది, గడపలో నిలబడి ఉంది, తర్వాత ఏం జరగాలో నేను చెప్పాలి. గడప నుంచే పంపించేయవచ్చు. ఎవరూ కాదనరు. ఆవిడ ఎప్పటిలాగే తమలపాకుల సంచితో, ఏమీ తెలియని మొహంతో నిలబడినట్టు అనిపించింది. నా గొంతు పాడడం మరిచిపోయి చాలా కాలమైంది, బొంగురుగా వచ్చింది.

"పీట వేసి కూచోమనెనంట, కాళ్ళకు నీళ్ళిచ్చెనంట..."

అక్కడ ఆపేశాను. అవతలామె అందుకుంది. చెల్లెలు చెయ్యి నా మోకాలి మీదే ఉంచి, ఇంకో చేత్తో పత్తి ఏరుకుంటోంది.